నారు మీద పిట్టల దాడి: వలా, రిబ్బనా, పిచికారీయా?

పోయిన యాసంగిలో టమాటా నారు నాటిన మూడో రోజు పొద్దున్నే గట్టు మీద కూచుని చూశాను. రెండు గోరింకలు దిగాయి. అందులో ఒకటి మొక్క మెడ పట్టి లాగి పక్కన పడేసింది. వేరు ఉన్న గుంతలోకి తల వంచి, తెల్లగా ఏదో ముక్కున కరుచుకుంది. తర్వాత పక్క మొక్క. పావుగంటలో పదకొండు మొక్కలు నేల మీద పడ్డాయి, ఒక్క ఆకు కూడా అవి తినలేదు. అంతకు ముందు రోజే ఆ మొక్కల మీద పచ్చిమిర్చి, వెల్లుల్లి రసం కొట్టాను. ఆకుతో పనే లేని పిట్ట కోసం ఆకుకు కారం పూసిన తెలివి నాది.

ఆ తెల్లటిది వేరుపురుగు. సరిగ్గా మాగని పశువుల ఎరువు వేస్తే దానితో పాటే మడిలోకి వస్తుంది. అప్పుడు నాకు కావాల్సింది కషాయం కాదు, మాగిన ఎరువు. అందుకే పిట్టల బెడదకు ఏ మందు మంచిదని ఎవరడిగినా, అవి మీ మడికి ఏం వెతుక్కుంటూ వస్తున్నాయని ముందు నేను అడుగుతాను.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, దొంగ నిజంగా పిట్టేనా? సాయంత్రం చీకటి పడ్డాక ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి మొక్కలు లెక్కపెట్టండి. రాత్రికి రాత్రి తగ్గితే పిట్టల మీద నింద వేయకండి. మొక్క నేల మట్టానికి కత్తిరించినట్టు పడి ఉంటే పక్కన మట్టి కాస్త గోకి చూడండి, కత్తెర పురుగు (కట్‌వార్మ్) ముడుచుకుని దొరుకుతుంది. జిగురు చార కనిపిస్తే నత్త. విత్తనం తవ్వుకుపోయి పొట్టు మాత్రం మిగిలితే ఎలుక. పగటి పూట పీకేసి ఉన్నా, ఆకు అంచులు చించినట్టై ఈనెలు మిగిలినా పిట్టల పని. పల్లెటూళ్లో అయితే ఇంకో అనుమానితురాలు ఉంటుంది, పక్కింటి కోడి. దాని మీద రిబ్బన్లూ పనిచేయవు, దిష్టిబొమ్మలూ పనిచేయవు. మోకాలెత్తు కంచె కట్టాల్సిందే.

రెండోది, దేని కోసం వస్తోంది? గువ్వలు, పావురాలు విత్తనం కోసం వస్తాయి. చిక్కుడు, మొక్కజొన్న లాంటివి మొలిచాక కూడా గింజ మొదలును పట్టుకునే ఉంటుంది కాబట్టి మొలకను పట్టి గింజను లాగుతాయి. పిచ్చుకలు, పికిలి పిట్టలు లేత ఆకు కొరుకుతాయి. గోరింక పురుగు కోసం వస్తుంది. కాకి గూటికి కొబ్బరి పీచు కావాలని ట్రేలను కూడా గెలుకుతుంది. నెమలికి గింజ, ఆకు, పురుగు అన్నీ కావాలి, పైగా కాళ్లతో తవ్వి పోస్తుంది. వేసవిలో దాహానికి లేత కాడలు పొడిచే పిట్టలూ ఉంటాయి. వాటి కోసం మడికి దూరంగా నీడలో వెడల్పాటి మట్టి మూకుడుతో నీళ్లు పెడితే మడి మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది.

మూడోది రోజుల లెక్క. నా మటుకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నేరుగా గింజ విత్తే బీర, చిక్కుడు లాంటివాటికి విత్తిన నాటి నుంచి నాలుగు ఆకులు గట్టిపడే దాకా సుమారు రెండు వారాలు కాపలా కావాలి. నాటిన టమాటా, వంగ, మిరప నారు వేళ్లు పట్టడానికి పది, పదిహేను రోజులు చాలు. పాలకూర, మెంతి మాత్రం విత్తిన రోజు నుంచి కోసే రోజు దాకా లేతగానే ఉంటాయి, అంటే పంటకాలం మొత్తం కాపలానే. బెదిరించే సాధనం ఏదైనా పిట్టకు కొత్తగా ఉన్నన్నాళ్లే పనిచేస్తుంది. ఆ కొత్తదనం ఒకటి రెండు వారాలకు మించి నిలవదు. టమాటాకు అది సరిగ్గా సరిపోతుంది. పాలకూరకు సరిపోదు.

ఇక జాగా ఎంత, పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య అక్కడ మనిషి ఉంటారా అన్నది చూసుకోవాలి. పిట్టల దాడి ఎక్కువగా జరిగేది ఆ వేళలోనే, మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక.

వల

ఏ పిట్ట ఏ కారణంతో వచ్చినా ఆపేది ఇదొక్కటే. పిచ్చుకలను ఆపాలంటే కన్ను 20 మిల్లీమీటర్లకు మించకూడదు. గోరింకలకైతే 25 దాకా ఉండొచ్చు. పావురాలు, నెమళ్లు మాత్రమే అయితే 50 మిల్లీమీటర్ల కన్నున్న వల చాలు, చవకగా వస్తుంది.

వల వేసి కూడా మొక్కలు పోగొట్టుకునే వాళ్లు చేసే తప్పు ఒకటే. మొక్కల మీద దుప్పటి కప్పినట్టు కప్పేస్తారు. పిట్ట వల మీదే కూచుని కన్నులోంచి పొడుచుకుంటుంది. వెదురు బద్దలు గానీ పాత పీవీసీ పైపులు గానీ వంచి గూడులా నిలబెట్టి, మొక్కకూ వలకూ మధ్య జానెడు ఖాళీ ఉంచాలి. అంచులు మట్టితో కప్పాలి. లేకపోతే గువ్వ నడుచుకుంటూ లోపలికి పోతుంది, బయటికి రావడం మాత్రం దానికి తెలియదు.

ఇంకో సంగతి. చేపలు పట్టే సన్న నైలాన్ వల పాతది చవకగా దొరుకుతుందని తెచ్చి వదులుగా పరిచాను ఒకసారి. రెండో రోజు అందులో జెర్రిపోతు చిక్కింది. ఎలుకలను తిని మనకు మేలు చేసే పాము. అది గింజుకున్న కొద్దీ దారం పొలుసుల కిందికి దిగిపోయింది. తడి గోనెసంచి మీద కప్పి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరం కత్తెరతో ఒక్కో పోగూ తెంపడానికి అరగంట పట్టింది. అప్పట్నుంచీ కాస్త మందం దారం, తెల్లరంగు, బిగించి కట్టడం. తెల్లదైతే పిట్టకు దూరం నుంచే కనిపిస్తుంది, చిక్కుకోదు.

ట్రేలలో నారు పెంచేవాళ్లు పిట్టల వల బదులు 40 మెష్ (అంగుళానికి 40 కన్నులుండే) పురుగుల వల తీసుకోవడం మేలు. ఖరీదు ఎక్కువే, కానీ పిట్టతో పాటు తెల్లదోమనూ ఆపుతుంది. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే. నారు దశలో వైరస్ అంటుకున్న మొక్క ఇక కాయదు. అంటే పిట్ట కోసం పెట్టిన డబ్బు వైరస్ దగ్గర తిరిగొస్తుంది. షేడ్‌నెట్టే ఉంది కదా అని 50 శాతం నీడ కిందే నారును మొత్తం రోజులూ ఉంచకండి. కాడ సన్నగా సాగిపోతుంది. నాటడానికి వారం ముందు నుంచి ఎండకు అలవాటు చేయాలి.

కంప, తాటాకు, సీసా

వల కొనలేని రోజుల్లో మన పెద్దలు చేసింది ఇదే. విత్తిన పాదు మీద తుమ్మ కంపో రేగు కంపో కప్పేవాళ్లు. నాటిన మొక్కకు తాటాకు ముక్క గుచ్చి నీడా, చాటూ కల్పించేవాళ్లు. పది, ఇరవై పాదులకు ఇప్పటికీ ఇంతకు మించింది లేదు. నెమలి కూడా రేగు కంపలో కాలు పెట్టదు. సన్న పిట్ట మాత్రం సందుల్లోంచి దూరుతుంది. అడుగు కోసేసిన నీళ్ల సీసాను మొక్క మీద బోర్లించడం మిద్దె తోటల వాళ్లకు బాగా పనికొస్తుంది, మూత తీసి ఉంచాలి. మార్చి దాటాక అదీ వద్దు, లోపల మొక్క ఉడికిపోతుంది.

మెరుపు రిబ్బను

ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి రంగు ఉండే రిబ్బను. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న రైతులకు పరిచయమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు పక్షుల వల్ల జరిగే నష్టం మీద పనిచేసే విభాగమే ఒకటి ఉంది. పొద్దుతిరుగుడుకు వ్యవసాయ శాఖ సిఫారసు కూడా ఇదే, పైరుకు అడుగు ఎత్తున, ఎండ పడి మెరిసేలా, ఉత్తర దక్షిణాలుగా కట్టమని. కట్టేటప్పుడు మూడు నాలుగు మెలికలు తిప్పితే గాలికి బుర్రుమని చప్పుడు కూడా చేస్తుంది. ఆ చప్పుడు, ఆ మెరుపు కలిస్తేనే పిట్ట బెదురుతుంది.

కూరగాయల నారుకూ ఇదే పద్ధతి, కాకపోతే మొక్క పొట్టిది కాబట్టి రిబ్బను ఇంకా కిందికి, జానెడు నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. నడుమెత్తున కడితే గోరింక దాని కిందే హాయిగా నడుస్తుంది. దీనికి గాలి కావాలి, ఎండ కావాలి. మృగశిరలో గాలులున్నప్పుడు అద్భుతంగా పనిచేసే రిబ్బను, డిసెంబరు మంచులో పొద్దున ఏడింటికి తడిసిన బట్టలా వేలాడుతుంది. పిట్ట వచ్చే వేళ కూడా అదే. కాబట్టి వానాకాలం నాట్లకు నేను రిబ్బను వైపు, యాసంగి నాట్లకు వల వైపు మొగ్గుతాను.

ముందే కట్టి పెట్టకండి. నారు నాటిన రోజు సాయంత్రం కట్టి, వేళ్లు పట్టగానే విప్పి దాచండి. ఏడాదంతా వేలాడే రిబ్బను మీద చివరికి పిట్టలే వాలతాయి.

దిష్టిబొమ్మ, సీడీలు, చప్పుళ్లు

ఒకే చోట నిలబెట్టిన దిష్టిబొమ్మ మనిషి దిష్టికి పనికొస్తుందేమో గాని, కాకికి రెండు రోజుల్లో అర్థమైపోతుంది. రోజూ చోటు మార్చి, చొక్కా మారిస్తే వారం గడుస్తుంది. పాత సీడీలు కూడా రిబ్బను లాంటివే, ఇంకాస్త బలహీనం. డబ్బా చప్పుడు, వడిసెల, కేకలు మనిషి ఉన్నంతసేపే. మంచె మీద కాపలా పడుకున్న తరం వాళ్లకు తెలిసిన సంగతే ఇది.

మనిషి చెవికి వినబడని శబ్దంతో పక్షులను తరుముతుందని ఆన్‌లైన్‌లో అమ్మే అల్ట్రాసోనిక్ పెట్టెలు మాత్రం కొనకండి. ఆ శబ్దం 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటుంది. పిట్టల వినికిడి సాధారణంగా అంత పైకి పోదు. మనకు వినబడనిది వాటికీ వినబడదు.

పిచికారీలు: మిరప, వేప, గుడ్డు

ఎక్కువ మంది అడిగేది వీటి గురించే, ఎక్కువ మంది మోసపోయేదీ ఇక్కడే.

మిరపతో మొదలుపెడదాం. పంజరంలో చిలుకకు మిరపకాయ పెట్టడం చిన్నప్పుడు అందరం చూసిందే. (ఇప్పుడు చిలుకను పెంచడం నేరం, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అది రాష్ట్ర పక్షి కూడా.) అది కళ్లనీళ్లు పెట్టుకోకుండా గింజలతో సహా ఎలా తినేది? కారానికి మన నోరు మండటానికి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. క్షీరదాల నరాల్లో దాన్ని పట్టుకునే గ్రాహకం ఉంది. పక్షుల్లోనూ అలాంటి గ్రాహకమే ఉంది కానీ క్యాప్సైసిన్‌కు స్పందించదు. మిరప మొక్కకు కావాల్సిందీ అదే, నమిలి గింజను పాడు చేసే ఎలుక దూరంగా ఉండాలి, మింగి దూరంగా రెట్ట వేసే పిట్ట దగ్గరికి రావాలి. కాబట్టి కారం నీళ్లు ఉడతలకు, ఎలుకలకు కొంత పనిచేయొచ్చు. పిట్టకు మాత్రం మీరు పోపు పెట్టినట్టే.

వేప గింజల కషాయం, ఐదు శాతం, అంటే వంద లీటర్ల నీటికి ఐదు కిలోల గింజల పొడి. చేదు వల్ల ఆకు కొరికే పిట్టలు కాస్త తగ్గుతాయి, పురుగులూ తగ్గుతాయి కాబట్టి దండగ కాదు. చిక్కు ఎక్కడంటే, నారు మొక్క ప్రతి మూడు నాలుగు రోజులకూ కొత్త ఆకు వేస్తుంది. ఆ కొత్త ఆకు మీద మందు ఉండదు. పిట్టకు ఇష్టమైనదీ ఆ ఆకే.

కోడిగుడ్డు ద్రావణం మొక్కజొన్న, పొద్దుతిరుగుడు లాంటి పంటల్లో వాడుకలో ఉంది. లీటరు నీటికి 20 నుంచి 25 మిల్లీలీటర్లు, అంటే రెండు లీటర్లకు దాదాపు ఒక గుడ్డు. బాగా గిలక్కొట్టి, పల్చటి బట్టలో వడగట్టాలి, లేకపోతే నాజిల్ మూసుకుపోయి ఆ వాసనతో పంపు కడుక్కోవడమే పని అవుతుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి. కాయలు కాసేందుకు ఇంకా రెండు నెలలున్న టమాటా, వంగ నారు మీద నాకు అభ్యంతరం లేదు. పాలకూర, కొత్తిమీర మీద పచ్చిగుడ్డు మాత్రం వద్దు. కొత్తిమీరను మనం వండకుండానే చల్లుకుంటాం.

అమెరికాలో పండ్ల తోటల్లో మిథైల్ ఆంత్రనిలేట్ అనే మందు వాడతారు. ద్రాక్ష వాసన వచ్చే చిక్లెట్లలో ఉండే రుచి అదే. మనకు తియ్యగా ఉండే ఆ వాసన పిట్టల ముక్కు నోళ్లలో మంట పుట్టిస్తుంది. ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి తరచూ కొట్టాలి. ఇలాంటిది ఏదైనా ఇక్కడ ఎవరైనా అమ్మజూపితే డబ్బా మీద కేంద్ర పురుగుమందుల బోర్డు (సీఐబీ) రిజిస్ట్రేషన్ నంబరు, మీ పంట పేరు ఉన్నాయా లేదా చూడండి. లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. నాఫ్తలీన్ గోలీలు కుండీల్లో వేయమనే సలహా కూడా తిరుగుతోంది. అవి విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

నేరుగా విత్తేవాళ్లకు ఇంకో దారి విత్తనశుద్ధి. తెగుళ్ల కోసం కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ అనే తెగులు మందు ఎలాగూ పట్టిస్తారు. దాని రుచి పిట్టలకు, ఎలుకలకు నచ్చదు. మొలక వచ్చాక దాని బలం అయిపోయినట్టే, కానీ విత్తనం తవ్వుకుపోయే గువ్వల దగ్గర మొదటి వారం గట్టెక్కిస్తుంది. మందు పట్టించిన విత్తనాలు మట్టి పైన తేలకుండా కప్పండి, మిగిలినవి కోళ్లకు వేయకండి.

| పద్ధతి | ఏ పిట్టకు | ఎన్నాళ్లు | శ్రమ, ఖర్చు | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| గూడులా కట్టిన వల | అన్నిటికీ | తీసేదాకా | ఖర్చు ఎక్కువ, ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది | ఎకరాల మీద విత్తిన చేను |
| కంప, తాటాకు | గువ్వ, కోడి, నెమలి | తీసేదాకా | డబ్బు లేదు, ముళ్లు ఉన్నాయి | ఒత్తుగా విత్తిన ఆకుకూర మడి |
| మెరుపు రిబ్బను | ఎగిరి వచ్చేవాటికి | వారం, రెండు వారాలు | తక్కువ | గాలి ఆడని పెరడు, మంచు కాలం |
| గుడ్డు ద్రావణం | ఆకు తినేవాటికి | వాన పడేదాకా, కొత్త ఆకు వచ్చేదాకా | తక్కువ, వాసన | ఆకుకూరలు |
| వేప కషాయం | ఆకు తినేవాటికి, కొంత | పై వరుసలో లాగే | మధ్యస్థం | పురుగు కోసం వచ్చే గోరింక |
| థైరమ్ విత్తనశుద్ధి | విత్తనం తినేవాటికి | మొలిచేదాకా | చాలా తక్కువ | నాటే నారు |
| మిరప రసం | దేనికీ కాదు | లేదు | వృథా | అన్నిచోట్లా |

మీ సంగతేమిటి?

అపార్ట్‌మెంట్ బాల్కనీలో పది కుండీలు ఉంటే ఆలోచించేదేం లేదు, వల. అక్కడ సమస్య దాదాపు ఎప్పుడూ పావురమే, అది బెదిరింపులకు లొంగే రకం కాదు. జిగురు పూసే పావురాల జెల్లు జోలికి పోకండి, పిచ్చుకలు అంటుకుని చస్తాయి. పై అంతస్తు వాళ్లు రోజూ జొన్నలు చల్లుతుంటే వలకన్నా ముందు వాళ్లతో ఒక మాట మాట్లాడటం మంచిది.

మిద్దె తోట అయితే అంతటికీ వల కప్పాల్సిన పని లేదు. మొలకలన్నీ ఒక మూల ట్రేలలో, ఒక చిన్న గూడు కింద పెంచి, నాలుగు ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చండి. బీర, కాకర, చిక్కుడు కూడా పేపరు కప్పుల్లో విత్తి రెండు వారాలకు వేరు కదలకుండా నాటుకోవచ్చు. ఆకుకూరల మడి ఒక్కదానికి వల శాశ్వతంగా ఉంచేయండి. తీగజాతులు పూతకొచ్చే సరికి వల పైన ఉండకూడదు, తేనెటీగ లోపలికి రాలేదు.

అర ఎకరం, ఎకరం టమాటా, మిరప వేసేవాళ్లకు నా లెక్క వేరు. నారుమడికి వల, నాటిన పొలానికి రిబ్బను, మొదటి వారం పొద్దున ఒక మనిషి. మూడూ కలిపినా పొలం మొత్తం వలకయ్యే ఖర్చులో కొంతే. గోరింకలే సమస్య అయితే రిబ్బనుకన్నా ముందు ఎరువు సంగతి చూడండి. పొలంలో చల్లేముందు పెంట కుప్పను గడ్డపారతో తిప్పితే పురుగులు ఉన్నదీ లేనిదీ అక్కడే తెలుస్తుంది. కుప్పను తిప్పుతుండగానే గోరింకలు వచ్చి ఏరుకుతింటాయి, అక్కడే తిననివ్వండి.

గుట్టల పక్కన, చెరువు కంపల పక్కన పొలం ఉండి నెమళ్లు వస్తుంటే అది అన్నిటికన్నా కష్టమైన లెక్క. నెమలి పొలం మధ్యలో వాలడం కన్నా అంచు నుంచి నడిచి రావడమే ఎక్కువ. కాబట్టి చుట్టూ మోకాలెత్తున ఒకటి, నడుమెత్తున ఒకటి బిగుతుగా తాడు లాగి, మధ్యలో రిబ్బను ముక్కలు కట్టండి, లేదా పాత చీరలు చుట్టండి. వచ్చే దారి పక్కనే రెండు సాళ్లు మొక్కజొన్న వదిలేసే రైతులూ ఉన్నారు. అది నెమలికి పన్ను కట్టడం లాంటిది, పెద్ద పొలంలోనే గిట్టుతుంది. గింజలకు గుళికల మందు కలిపి చల్లే పని మాత్రం ఎంత కడుపు మండినా చేయకండి. నెమలి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆ గింజ తినేది నెమలి ఒక్కటే కాదు, మీ కోడి, మీ మేక కూడా.

నర్సరీ నడిపేవాళ్లకు పురుగుల వల తప్ప వేరే మాట చెప్పను.

రోజులు నిండాక వల విప్పుతారు కదా, కర్రలు మాత్రం పీకకండి. అడ్డంగా ఒక పుల్ల కట్టి టీ (T) ఆకారం చేసి వదిలేయండి. నారు గట్టిపడ్డాక ఆ పిట్టల్లో చాలావాటికి మీ మొక్కలతో పని లేదు, మొక్కల మీది పురుగులతోనే పని. మా పొలంలో వల తీసిన మర్నాడే తోక చీలిన నల్లటి పసలపోలిగాడు వచ్చి ఆ పుల్ల మీద కూచున్నాడు. పూట గడిచేసరికి దాని కింద మట్టిలో పచ్చపురుగుల తలకాయలు రాలి ఉన్నాయి.